ప్యాచ్ ఎక్కింది, నడుస్తున్నది మాత్రం పాత కెర్నెలే

2022 ఫిబ్రవరిలో లైనక్స్ కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) బయటపడ్డ ‘డర్టీ పైప్’ లోపానికి పడిన మందు ఒకే ఒక్క వరుస. బఫర్‌లోని ఫ్లాగ్స్ విలువను సున్నా చెయ్యమని చెప్పే ఆ వరుసను రెండు చోట్ల రాశారు, అంతే. అది లేనన్నాళ్లూ మామూలు యూజర్ ఎవరైనా సరే, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైల్లో తనకు కావలసింది రాసేసి రూట్, అంటే యంత్రంపై సర్వాధికారి, అయిపోగలిగేవాడు. సర్వర్లలోనే కాదు, అప్పటికి మార్కెట్లోకి కొత్తగా వచ్చిన పిక్సెల్ 6 ఫోన్‌లోనూ, ఆండ్రాయిడ్ నడిచేదీ లైనక్స్ కెర్నెల్ మీదే కాబట్టి.

కెర్నెల్ లోపాలను సరిదిద్దడమంటే ఏ మేధావో రాత్రింబవళ్లు కూర్చుని వేల వరుసల కోడ్ తిరగరాయడమని చాలామంది ఊహ. నిజానికి చాలా మరమ్మతులు పది వరుసలు దాటవు. కష్టమంతా ఆ పది వరుసలకు ముందూ వెనకా ఉంటుంది. ముందున్న కష్టం గురించి పుస్తకాల్లో దొరుకుతుంది. వెనకున్న కష్టం ఎక్కువగా గచ్చిబౌలి, మాదాపూర్, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఆదివారం పొద్దున డ్యూటీలో ఉన్నవాళ్లకే తెలుసు.

డర్టీ పైప్ దొరికిన తీరు చూడండి. జర్మనీలోని ఒక హోస్టింగ్ సంస్థలో పనిచేసే మాక్స్ కెల్లర్‌మన్ దగ్గరికి ఒక ఫిర్యాదు వచ్చింది: డౌన్‌లోడ్ చేసుకున్న లాగ్ ఫైల్ విప్పితే తెరుచుకోవడం లేదని. ఆయన చేత్తో సరిచేసి టికెట్ మూసేశారు. కొన్నాళ్లకు మళ్లీ అదే ఫిర్యాదు, ఆ తర్వాత మరొకటి. పాడైన ఫైళ్లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, చెడినవి ఎక్కువగా నెలలో చివరి రోజు లాగ్‌లు. ప్రతిదాంట్లోనూ చెడింది చిట్టచివరి ఎనిమిది బైట్లు. ఆ ఎనిమిది బైట్లూ ఏవో చెత్త అక్షరాలు కావు, జిప్ ఫైల్ ముగింపు భాగంలో మొదట వచ్చే బైట్లు. నెల లాగ్‌లన్నిటినీ కలిపి జిప్‌గా పంపే ప్రోగ్రామ్ తన ముగింపును బయటికి పంపుతుంటే, అది తోవ తప్పి అసలు లాగ్ ఫైల్లోకి వెళ్లి పడుతోంది. ఆ ప్రోగ్రామ్‌కు ఆ ఫైల్లో రాసే అనుమతే లేదు. అనుమతి లేనివాడు రాయగలిగాడంటే తప్పు ప్రోగ్రామ్‌ది కాదు, కాపలా కాయాల్సిన కెర్నెల్‌ది.

లోపల జరిగింది ఇదీ. లైనక్స్‌లో పైప్ అంటే ఒక ప్రోగ్రామ్ నుంచి మరొకదానికి డేటా వెళ్లే దారి. అందులో వరుసగా బఫర్లు అనే గళ్లుంటాయి, ఒక్కో గడి మెమరీలోని ఒక పేజీని చూపిస్తుంది. ‘స్‌ప్లైస్’ అనే సిస్టమ్ కాల్ వాడితే ఫైల్లోని డేటాను కాపీ చెయ్యకుండానే, ఆ ఫైల్ మెమరీలో ఎక్కడుందో ఆ పేజీనే గడికి తగిలిస్తుంది. వేగం కోసం చేసిన ఏర్పాటు. ప్రతి గడికీ కొన్ని ఫ్లాగ్స్, అంటే గుర్తులు, ఉంటాయి. వాటిలో ఒకదాని అర్థం: తర్వాత వచ్చే డేటాను ఇదే పేజీలో కలిపి రాయొచ్చు. ఫైల్‌కు చెందిన పేజీ మీద ఆ ఫ్లాగ్ ఉండకూడదు. కానీ గడిని కొత్త పనికి వాడుకునేటప్పుడు పాత ఫ్లాగ్‌ను తుడవడం మరిచారు. ముందు ఏదో మామూలు డేటా ఆ గడిలోంచి వెళ్లి ఉంటే, ‘కలిపి రాయొచ్చు’ అన్న గుర్తు అలాగే అంటుకుని ఉంటుంది. ఇక పైప్‌లోకి ఏది రాసినా తిన్నగా ఫైల్ మెమరీ ప్రతిలోకి వెళ్తుంది. పైప్‌లోకి రాయడం ఫైల్లోకి రాయడమవుతుందని ఎవరూ అనుకోరు కాబట్టి, అనుమతి చూసే కోడ్ ఆ దారిలో అసలు లేదు.

ఫ్లాగ్స్‌ను తుడవని ఆ కోడ్ 2016లోనే, 4.9 కెర్నెల్‌తో వచ్చింది. అప్పుడు దానివల్ల హాని లేదు, ఎందుకంటే ప్రమాదం తెచ్చిపెట్టే ఫ్లాగ్ అప్పటికింకా పుట్టలేదు. 2020లో 5.8 కెర్నెల్ కోసం పైప్ కోడ్‌ను శుభ్రం చేస్తూ ‘కలిపి రాయొచ్చు’ అన్న సంగతిని ఫ్లాగ్‌గా మార్చారు. ఆ మార్పు విడిగా చూస్తే అందులోనూ తప్పు పట్టడానికేమీ లేదు. రెండూ కలిసిన చోట కన్నం పడింది. మార్పులను ఒక్కొక్కటిగా సమీక్షించేవాళ్లు ఎంత శ్రద్ధగా చదివినా ఇలాంటిది పట్టుకోవడం కష్టం. ‘మెమరీ కేటాయించేటప్పుడే సున్నాలు నింపండి’ అనే రక్షణ ఏర్పాటు కెర్నెల్‌లో 2019 నుంచీ ఉంది. అది కూడా ఇక్కడ పనికిరాదు. గడి కొత్తగా కేటాయించింది కాదు, వాడి ఖాళీ చేసింది.

ఇలాంటివి ఇంకా ఎన్నో ఉంటాయనుకోవడంలో అతిశయం లేదు. లైనక్స్ కెర్నెల్ మూడు కోట్ల వరుసలు దాటింది, అందులో సగానికి పైగా పరికరాలను నడిపే డ్రైవర్లే. దాదాపు అంతా సీ భాషలో ఉంది. విడుదల చేసేసిన మెమరీని మళ్లీ ముట్టుకున్నా, హద్దు దాటి చదివినా ఆ భాష అడ్డుచెప్పదు. పైగా కెర్నెల్ లోపల గదులు లేవు. ఏ మూలనున్న వైఫై డ్రైవర్‌లో తప్పు దొర్లినా మొత్తం యంత్రం దాడి చేసేవాడికి దఖలుపడుతుంది.

సరిదిద్దినదే సరిగ్గా సరిపడకపోవడమూ ఉంది. 2016 అక్టోబరులో బయటపడిన ‘డర్టీ కౌ’ ఏళ్ల తరబడి ఉన్న లోపం. దాన్ని పదకొండేళ్ల ముందే ఒకసారి సరిదిద్దబోయి, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీద ఇబ్బంది రావడంతో ఆ మార్పు వెనక్కి పోయిందని లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2016 ప్యాచ్ వివరణలోనే రాశారు. పోనీ 2016లోనైనా పని పూర్తయిందా అంటే, పెద్ద పేజీల విషయంలో అదే మరమ్మతు కొత్త కన్నం పెట్టిందని 2017 నవంబరులో తేలింది. తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని.

ఇక ప్యాచ్ తయారయ్యాక ఏమవుతుంది? కెల్లర్‌మన్ 2022 ఫిబ్రవరి 20న కెర్నెల్ భద్రతా బృందానికి రాశారు. లోపం వివరం, దాన్ని వాడుకునే కోడ్, ప్యాచ్ మూడూ కలిపి పంపారు. 23వ తేదీకల్లా 5.16.11, 5.15.25, 5.10.102 విడుదలల్లో మరమ్మతు వచ్చేసింది. అంటే మూడు రోజులు. లోకానికి చెప్పింది మార్చి 7న. మధ్యలో ఉన్న ఆ పన్నెండు రోజులూ కోడ్ అందరి కళ్ల ముందే ఉంది. లైనక్స్‌లో రహస్యంగా ప్యాచ్ చెయ్యడమనేది కుదరదు. కోడ్ బహిరంగం, మార్పుల చిట్టా బహిరంగం. ‘ఇది భద్రతా లోపం’ అని పైన రాయకపోయినా, రోజూ ఆ చిట్టా చదివేవాడికి అర్థమైపోతుంది. ఆ చదివేవాళ్లలో మంచివాళ్లే ఉంటారన్న హామీ లేదు. అందుకే కెర్నెల్ బృందం లోపాన్ని గుట్టుగా ఉంచే గడువును సాధారణంగా ఏడు రోజులు దాటనివ్వదు. మరమ్మతు సిద్ధమైతే ఆలస్యం చేసి లాభం లేదన్నది వాళ్ల లెక్క.

కాబట్టి మూల కోడ్ దగ్గర మూడు రోజులు. మరి నానక్‌రామ్‌గూడలో కూర్చుని ఎవరో చూసుకునే అమెరికా బీమా సంస్థ సర్వర్‌కు ఎన్ని రోజులు? ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో చేతులు మారే ఫోన్‌కు ఎన్ని నెలలు?

ముందు ఫోన్ సంగతి. 2017 నవంబరులో గూగుల్‌కు చెందిన ‘సిజ్‌కాలర్’ అనే పరీక్షా పరికరం ఆండ్రాయిడ్ బైండర్ డ్రైవర్‌లో (యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాగంలో) ఒక లోపం పట్టింది. విడుదల చేసిన మెమరీని మళ్లీ తాకే రకం. 2018 ఫిబ్రవరిలో దాన్ని సరిదిద్దారు. ఆండ్రాయిడ్ మూల కెర్నెల్ శాఖల్లోకీ మరమ్మతు చేరింది. కానీ దానికి సీవీఈ నంబర్ (భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఇవ్వలేదు, నెలవారీ భద్రతా ప్రకటనలోకి ఎక్కించలేదు. అప్పటికే బజారులో ఉన్న చాలా ఫోన్లకు అది వెళ్లనే లేదు. 2019 సెప్టెంబరు చివర గూగుల్‌లో లోపాలు వెతికే బృందమైన ప్రాజెక్ట్ జీరోలోని మ్యాడీ స్టోన్ అదే లోపాన్ని మళ్లీ బయటికి లాగారు. దాడులు చేసేవాళ్లు అప్పటికే దాన్ని వాడుతున్నారన్న సమాచారం ఆమెను అక్కడికి నడిపించింది. మూల కోడ్ చూసి ప్రమాదంలో ఉన్నాయని తేల్చిన ఫోన్ల జాబితాలో గూగుల్ సొంత పిక్సెల్ 2 ఉంది, గెలాక్సీ ఎస్9 ఉంది, మన దగ్గర విరగబడి అమ్ముడుపోయిన రెడ్‌మీ 5ఏ కూడా ఉంది. మందు కనిపెట్టి ఏడాదిన్నర దాటినా రోగి దాకా రాలేదు. కారణం సాంకేతికం కాదు: సీసా మీద చీటీ అంటించలేదు, అంతే.

ఈ దారి ఎంత పొడవో చూస్తే ఆశ్చర్యం ఉండదు. మూల లైనక్స్, దాని స్థిర శాఖ (మరమ్మతులు మాత్రమే చేరే విడుదలలు), ఆండ్రాయిడ్ ఉమ్మడి కెర్నెల్, చిప్ సంస్థ, ఫోన్ సంస్థ, ఆ తర్వాత కొనుక్కున్నవాడు. చిప్ సంస్థల్లో ఒకటైన క్వాల్‌కామ్‌కు హైదరాబాద్‌లో పెద్ద ఇంజనీరింగ్ కేంద్రమే ఉంది కాబట్టి ఈ గొలుసులో ఒక లంకె మన ఊళ్లోనూ ఉందన్నమాట. ఏ లంకె దగ్గర ఆగినా అంతే. 2022లో ఆర్మ్ సంస్థ మాలీ గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఐదు లోపాలను జులై, ఆగస్టుల్లో సరిదిద్దితే, నవంబరు నాటికి కూడా పరీక్షించిన ఫోన్లకు అవి అందలేదని ప్రాజెక్ట్ జీరో వెల్లడించింది. ఈ గొలుసును కురచ చెయ్యడానికే గూగుల్ ఆండ్రాయిడ్ 12, 5.10 కెర్నెల్ నుంచి మూల కెర్నెల్‌ను తానే కట్టి ఇస్తోంది. చిప్ సంస్థ కోడ్ విడి మాడ్యూళ్లుగా ఉంటుంది. మంచి మార్పే. కానీ పాత ఫోన్లకు దానితో ఒరిగేదేమీ లేదు.

పాత ఫోన్ కొనేటప్పుడు జగదీశ్ మార్కెట్‌లో బ్యాటరీ చూస్తారు, డిస్‌ప్లే ఒరిజినలా కాదా అని గోరుతో మీటి చూస్తారు, ఐఎంఈఐ నంబర్ సరిపోల్చుకుంటారు. సెట్టింగ్స్‌లో ‘సెక్యూరిటీ ప్యాచ్ లెవెల్’ అని ఒక తేదీ ఉంటుంది. దాన్ని ఎవరూ అడగరు. అడిగితే దుకాణదారు వింతగా చూస్తాడు. ఆ తేదీలో చివరి అంకెకూ అర్థముంది. 1తో ముగిస్తే ఆండ్రాయిడ్ పైపొరల మరమ్మతులు మాత్రమే వచ్చాయని, 5తో ముగిస్తే కెర్నెల్, చిప్ డ్రైవర్ల మరమ్మతులూ కలిశాయని. యూపీఐ పిన్ కొట్టే ఫోన్‌కు ఆ తేదీ మూడేళ్ల కిందటిదైతే, స్క్రీన్ గీతలకంటే దానికే ఎక్కువ ధర తగ్గించాలి.

సర్వర్ల సంగతి వేరు. అక్కడ ప్యాచ్ రావడం ఆలస్యం కాదు, వచ్చిన ప్యాచ్ అమల్లోకి రావడం ఆలస్యం. అమెరికా తూర్పు తీరంలో శనివారం రాత్రి పదకొండంటే ఎండాకాలంలో మనకు ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. చేంజ్ విండో, అంటే సర్వర్లలో మార్పులకు అనుమతించిన సమయం, అప్పుడే తెరుస్తారు. విండోస్ చూసుకునేవాళ్లకైతే నెలలో రెండో మంగళవారం రాత్రి పదిన్నరకు, చలికాలంలో పదకొండున్నరకు మైక్రోసాఫ్ట్ నుంచి సరుకు దిగుతుంది. లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించే యమ్ గానీ ఆప్ట్ గానీ కొత్త కెర్నెల్ ప్యాకేజీని ఎప్పుడైనా ఎక్కించేస్తుంది, దానికి విండో అక్కర్లేదు. ఎక్కినంత మాత్రాన నడుస్తున్న కెర్నెల్ మారదు. కొత్తది డిస్కులో కూర్చుని ఉంటుంది, మెమరీలో పాతదే ఉంటుంది. మామూలుగా రీబూట్ చేస్తే తప్ప కొత్తది మెమరీలోకి రాదు.

ఇక్కడే రిపోర్టులు మోసం చేస్తాయి. ప్యాకేజీల జాబితా చూసే స్కానర్ ‘ప్యాచ్ అయింది’ అని పచ్చరంగు వేస్తుంది. అదే యంత్రంలో లాగిన్ అయి, నడుస్తున్న కెర్నెల్ ఏదో చెప్పే యూనేమ్ -ఆర్ కమాండ్ కొడితే నాలుగు నెలల కిందటి నంబర్ కనిపిస్తుంది. ఉబుంటు అయితే పాపం నక్షత్రాల మధ్య ‘సిస్టమ్ రీస్టార్ట్ రిక్వైర్డ్’ అని లాగిన్ అయిన ప్రతిసారీ మొత్తుకుంటుంది. రోజూ చూసేవాళ్లకు ఆ వాక్యం గోడమీది క్యాలెండర్‌తో సమానం. నాలుగు వందల రోజుల అప్‌టైమ్ (రీబూట్ లేకుండా నడిచిన కాలం) అని గొప్పగా స్క్రీన్‌షాట్ పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఆ అంకె చెప్పేది, నాలుగు వందల రోజుల నాటి లోపాలన్నీ అందులో భద్రంగా ఉన్నాయని.

దీనికి తిరగేసిన పొరపాటూ ఉంది. రెడ్‌హ్యాట్ సంస్థ ఇచ్చే లైనక్స్ ఆర్‌హెచ్‌ఈఎల్ 8 కెర్నెల్ నంబర్ 4.18 అని చూసి, ఇది 2018 నాటిది కదా అని ఆడిటర్ ఎర్రగీత గీస్తాడు. రెడ్‌హ్యాట్ ఆ నంబర్‌ను కదపకుండా కొత్త మరమ్మతులను వెనక్కి తెచ్చి అందులోనే కలుపుతూ పోతుంది. 4.18 తర్వాత అడ్డగీత (-) పక్కన వచ్చే ఉప నంబర్ చూడాలి. అమీర్‌పేట కోచింగుల్లో అప్‌డేట్ కమాండ్లు చక్కగా నేర్పుతారు, ఈ ఉప నంబర్ చదవడం ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. ల్యాబ్‌లో వర్చువల్ మెషీన్‌ను ఎన్నిసార్లు రీబూట్ చేసినా అడిగేవాడుండడు కాబట్టి, ‘రీబూట్‌కు క్లయింటును ఎలా ఒప్పించాలి’ అన్న అసలు పాఠం సిలబస్‌లో ఉండదు.

రీబూట్ అక్కర్లేని పద్ధతి లేదా అంటే ఉంది. లైవ్ ప్యాచింగ్ 2015లో 4.0 కెర్నెల్‌తో అధికారికంగా లైనక్స్‌లోకి వచ్చింది. లోపమున్న ఫంక్షన్ తలుపు దగ్గరే పిలుపును పట్టుకుని, సరిచేసిన కొత్త ఫంక్షన్ వైపు మళ్లిస్తుంది. ట్రాఫిక్ ఆపకుండా పంజాగుట్ట ఫ్లైఓవర్‌కు మరమ్మతు చేసినట్టు. డర్టీ పైప్ లాంటి ఒక్క వరుస మరమ్మతుకు ఇది సరిగ్గా అతుకుతుంది. డేటా నిర్మాణాల ఆకారమే మారాల్సి వస్తే మాత్రం చేతులెత్తేస్తుంది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ బయటపడ్డప్పుడు కెర్నెల్ మెమరీ పట్టికలనే యూజర్ పట్టికల నుంచి విడదీయాల్సి వచ్చింది. అలాంటిదానికి రీబూటే గతి. రెడ్‌హ్యాట్, ఉబుంటు లాంటి పంపిణీ సంస్థలు లైవ్ ప్యాచులను ఎంచిన కొన్ని లోపాలకే, అదీ కొన్నాళ్లపాటే ఇస్తాయి. కాబట్టి అది వాయిదా, మాఫీ కాదు.

రీబూట్ అంటే భయపడేవాళ్లను తప్పుపట్టడం తేలిక. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది. ఆ రోజు దెబ్బ కొట్టింది హ్యాకర్లు కాదు, హ్యాకర్ల నుంచి కాపాడాల్సిన క్రౌడ్‌స్ట్రైక్ సాఫ్ట్‌వేర్. విండోస్ కెర్నెల్‌లో నడిచే దాని భాగం ఇరవై విలువలు అందిస్తుంటే, కొత్తగా వచ్చిన ఫైల్ ఇరవై ఒకటోదాన్ని అడిగింది. హద్దు దాటి చదవబోయి కెర్నెల్ కుప్పకూలింది. మన సమయం ప్రకారం ఉదయం 9:39కి ఫైల్ వెళ్లింది, 10:57కి వెనక్కి తీసుకున్నారు. ఆ కాసేపట్లో మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు పడ్డాయి. లేపడానికి చాలాచోట్ల ఒక్కోదాని దగ్గరికీ మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైల్‌ను తీసేయాల్సి వచ్చింది.

ఇది చూసిన మేనేజర్ ‘ఏ అప్‌డేటూ వద్దు’ అంటే అర్థం చేసుకోవచ్చు, ఒప్పుకోనక్కర్లేదు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్‌ఎంబీలోని లోపానికి ప్యాచ్ ఇచ్చింది. మే 12న ఆ లోపాన్ని వాడుకుంటూ, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై వచ్చింది. దాదాపు రెండు నెలల వ్యవధిలో ప్యాచ్ వేసుకోని యంత్రాలు పడిపోయాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని వాటిలో ఉన్నాయి. క్రౌడ్‌స్ట్రైక్ రోజు జరిగిన తప్పు అప్‌డేట్ పంపడం కాదు, ప్రపంచానికంతా ఒకేసారి పంపడం. ముందు పరీక్షా సర్వర్లు, తర్వాత క్లస్టర్‌లో ఒక నోడ్, రెండు రోజులు చూసి మిగతావి. పాత కెర్నెల్ బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ఎలాగూ ఉంటుంది, కొత్తది లేవకపోతే దానికి మళ్లొచ్చు. పనిని పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనక రెండు యంత్రాలున్న చోట ఒకదాన్ని రీబూట్ చేస్తే యూజర్‌కు తెలియను కూడా తెలియదు. అలా తెలియకుండా చెయ్యలేని అమరిక ఉంటే, అక్కడ సమస్య ప్యాచ్ కాదు. ఆ యంత్రం ఒంటరిగా ఉండటం.

ఏ ప్యాచులు వేసుకోవాలన్నది మిగిలిన తగువు. హైదరాబాద్ నుంచి నడిచే సపోర్ట్ కాంట్రాక్టుల్లో తరచు కనిపించే షరతు: సీవీఎస్‌ఎస్ (లోపం తీవ్రతకు పదికి వేసే మార్కు) స్కోర్ ఇంత దాటితే ఇన్ని రోజుల్లో, తక్కువైతే తర్వాతి త్రైమాసికంలో. ఎక్సెల్‌లో వడకట్టడానికి బాగుంటుంది. 2024 ఫిబ్రవరిలో రెండు సంగతులు దాదాపు ఒకేసారి జరిగి ఈ లెక్కను గల్లంతు చేశాయి. కెర్నెల్ బృందం సీవీఈ నంబర్లు తానే ఇవ్వడం మొదలుపెట్టింది. భద్రతకు సంబంధించిందేమోనని ఏ కాస్త అనుమానమున్నా నంబర్ ఇచ్చేస్తుంది, ఏడాదికి వేలల్లో. స్కోర్ మాత్రం ఇవ్వదు. ఏ లోపం ఎంత ప్రమాదమో యంత్రాన్ని ఎలా వాడుతున్నారన్నదాన్నిబట్టి ఉంటుంది, అది తమకెలా తెలుస్తుందన్నది వాళ్ల వాదన. స్కోర్లు వేసే అమెరికా జాతీయ లోపాల డేటాబేస్ సరిగ్గా అదే నెలలో పని తట్టుకోలేక చతికిలబడింది. నంబర్లు గుట్టలుగా, స్కోర్లు ఖాళీగా.

బైండర్ లోపానికి ఏడాదిన్నర పాటు నంబరే లేదన్న సంగతి తెలిశాక, నంబర్‌నుబట్టి ఏరుకోవడం అర్థం లేని పని. ఏరే మనిషికి పదిహేను నిమిషాలిచ్చి ఒక్కో మెమరీ బగ్ తమ సర్వర్‌కు వర్తిస్తుందో లేదో తేల్చమంటే, దాన్ని రాసినవాడే తేల్చలేడు. స్థిర శాఖలో దాదాపు వారం వారం వచ్చే విడుదలను, పంపిణీ సంస్థ ఇచ్చే కెర్నెల్‌ను మొత్తంగా తీసుకుని అంచెలంచెలుగా ఎక్కించడమే చవక. అప్పుడు కాంట్రాక్టులో షరతు కూడా మారాలి. ‘స్కోర్ ఏడు దాటిన లోపాలకు 30 రోజులు’ అనే చోట, ‘నడుస్తున్న కెర్నెల్ వయసు 45 రోజులు మించరాదు’ అని రాయొచ్చు. రిపోర్టులో ప్యాకేజీ నంబర్ పక్కన యూనేమ్ ఇచ్చిన నంబర్, చివరి బూట్ తేదీ, ఈ రెండు గడులూ కొత్తగా చేర్చాలి. ఇప్పటికే ప్రతి సర్వర్‌లో మానిటరింగ్ ఏజెంట్ ఉంటుంది, ఆ రెండు విలువలు తేవడానికి దానికి ఐదు నిమిషాల స్క్రిప్ట్ చాలు.